27 ఏళ్ల లైసెన్సు, రెండు రెన్యువళ్లు, ఒక కళ్లజోడు

డ్రైవింగ్ లైసెన్సుకు కూడా సమీక్ష రాస్తారా అని మా బడిలో నవ్వారు. రెండేళ్లు వాడిన మిక్సీ గురించి పేజీలు రాస్తారు, 27 ఏళ్లు సంచిలో మోసిన దాని గురించి నేను రాయకూడదా?

నేను నరసాపురంలో ఉంటాను. గోదావరి పాయ వశిష్ఠకు అవతల, సఖినేటిపల్లి వైపు ఒక ఊళ్లో పాఠాలు చెబుతాను. పొద్దున స్కూటరును పంటు, అంటే బళ్లను కూడా దాటించే పెద్ద పడవ, ఎక్కించి రేవు దాటడం, సాయంత్రం మళ్లీ అదే పంటు మీద రావడం. 1998లో, నా 23వ ఏట లైసెన్సు తీసుకున్నది ఈ ప్రయాణం కోసమే. అప్పటి చట్టం ప్రకారం 20 ఏళ్లు, లేదా 50 ఏళ్ల వయసు వచ్చేవరకు, ఏది ముందైతే అది గడువు. కాబట్టి 2018 దాకా దాని ఊసెత్తలేదు. ఈలోగా వానకు తడిసి, చెమటకు నాని, నా ఫొటోలో జడ తప్ప ఇంకేమీ ఆనవాలు మిగలలేదు.

మొదటి రెన్యువల్ ఏజెంటు చేతిలో పెట్టాను. అందరూ అదే చేస్తారు, నేనూ అదే చేశాను. 40 దాటినవారు ఫారం 1ఎ, అంటే డాక్టరు ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం జత చేయాలి. అతని సంచిలో అప్పటికే సంతకం, ముద్ర పడిన ఫారాలు కట్టగా ఉన్నాయి. ఒకటి లాగి నా పేరు రాశాడు. డాక్టరుగారికి చూపించుకోవాలి కదా అని అడిగితే, “మీకేమండీ టీచరుగారూ, నిక్షేపంలా ఉన్నారు” అన్నాడు. మెచ్చుకోలు అనుకుని సంతోషించాను కూడా! 50 నిండేవరకు, అంటే 2025 వరకు, కొత్త కార్డు వచ్చింది.

కిందటేడు వరదలప్పుడు అసలు సంగతి బయటపడింది. గోదావరి పోటు మీద ఉంటే పంటు ఆపేస్తారు. అప్పుడు ఇంటికి రావాలంటే దిండి మీదుగా చించినాడ వంతెన ఎక్కి, పాలకొల్లు వైపు దిగి, చుట్టూ తిరిగి రావాలి. బడి వదిలి బయలుదేరేసరికి మబ్బు పట్టి చీకటి పడిపోయింది. ఎదురుగా వచ్చే ప్రతి లారీ దీపం చుట్టూ పొద్దుతిరుగుడు పువ్వులా వెలుగు విచ్చుకుంటోంది. పక్కన కాలువ ఉందని తెలుసు, గట్టు అంచు మాత్రం కనబడదు. ఇంటికి చేరి చాలాసేపు స్కూటరు దగ్గరే నిలబడిపోయాను.

అందుకే ఈసారి గడువు దగ్గరపడినప్పుడు ఫారం 1ను మొదటిసారి పూర్తిగా చదివాను. అది మనకు మనమే ఇచ్చుకునే హామీ పత్రం. 25 మీటర్ల దూరంలో, మంచి పగటి వెలుగులో, ఒక్కో కంటితో కారు నంబరు ప్లేటు పోల్చుకోగలరా? ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా? రేచీకటి ఉందా? 2018లో వీటన్నిటికీ నా తరఫున టిక్కులు పెట్టింది ఏజెంటే.

25 మీటర్లు అంటే ఎంతో తెలియక మా బడి మైదానంలో కొలిచాను. మగవాళ్ల కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, దానికి రెట్టింపు కన్నా ఒక్క మీటరు తక్కువ. హెడ్మాస్టరుగారి కారు అక్కడ నిలిపించి చూశాను. ఎడమ కంటితో చదివేశాను. కుడి కంటితో మూడు, ఎనిమిది ఒకేలా ఉన్నాయి. పిల్లలు పక్కనుంచి అందిస్తుంటే ఊరుకోమన్నాను. కంటి డాక్టరు దగ్గరకు వెళితే శుక్లం మొదలైందని, ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదని చెప్పి దూరపు చూపుకు అద్దాలు రాశారు. ఆ తర్వాతే ఫారం 1ఎ మీద సంతకం పెట్టించుకున్నాను.

మిగతా పని లైసెన్సుల కోసం ప్రభుత్వం నడిపే సారథి పోర్టల్‌లో ఇంట్లోనే చేశాను. నిజంగా బాగుంది. ఆధార్ ధ్రువీకరణతో రవాణా కార్యాలయానికి వెళ్లకుండా పూర్తిచేసుకోగల 18 సేవలను కేంద్రం 2021 మార్చిలో ప్రకటించింది, పరీక్ష అవసరం లేని రెన్యువల్ కూడా అందులో ఉంది. నాకు మాత్రం అది కలిసిరాలేదు. 1998 లైసెన్సులో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది. రెండూ ఒకే మనిషి అని యంత్రం ఎలా నమ్ముతుంది? పదో తరగతి సర్టిఫికెట్, పెళ్లి ధ్రువపత్రం పట్టుకుని ఒక పూట సెలవు పెట్టి వెళ్లాల్సి వచ్చింది. పెళ్లయిన ఆడవాళ్లు ముందు ఈ రెండు పేర్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి. మగవాళ్లకు ఈ బెడద ఎలాగూ లేదు.

ఖర్చు చెబితే నవ్వుతారు. కేంద్ర నిబంధనల్లో రెన్యువల్‌కు 200, స్మార్ట్ కార్డుకు మరో 200, పైన రాష్ట్రం సేవా రుసుములు. పాత ఏజెంటు ఈసారి 2,000 అడిగాడు.

2019 సవరణ తర్వాత 30 నుంచి 50 లోపు వయసువారికి పదేళ్లు ఇస్తున్నారు. 50 నిండకముందే చేయించుకున్నాను కనుక నాకు 2035 దాకా ఉంది. 50 నుంచి 55 లోపు అయితే 60 ఏళ్లు వచ్చేవరకు, 55 దాటితే ఐదేళ్లు. గడువుకు ఏడాది ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. తీరిపోయి ఏడాది దాటితే మళ్లీ బండి నడిపి చూపించాలి. మా తోటి టీచరు ఒకరు అలాగే ఇరుక్కున్నారు, ముప్ఫై ఏళ్ల అనుభవం ఉండి ఎనిమిది అంకె వేయలేక కాలు కింద పెట్టారు.

కార్డు వచ్చేలోపే డిజీలాకర్‌లో కొత్త గడువు కనిపించింది. తనిఖీలో ఫోనులో చూపినా చెల్లుతుంది. పంటు మీద ఫోను తీయడం నాకు భయం కనుక కార్డు సంచిలోనే ఉంటుంది. కళ్లజోడు మాత్రం స్కూటరు డిక్కీలో.

మా వారి లైసెన్సు గడువు వచ్చే ఏడాది తీరుతుంది. ముందు ఒకసారి కబడ్డీ కోర్టు దగ్గరకు రమ్మన్నాను. ఆదివారం వస్తానన్నారు, ఇప్పటికి నాలుగు ఆదివారాలు అయింది.