జపాన్ నుంచి వచ్చిన అమ్మాయితో వైజాగ్‌లో మొదటి పది రోజులు

మా ఇంటికి జపాన్ నుంచి ఒకమ్మాయి వచ్చింది, పంతొమ్మిదేళ్ళు, ఏడాది పాటు మాతోనే ఉండి ఇక్కడే చదువుకుంటుంది. సింగపూర్ మీదుగా రాత్రి ఫ్లైట్‌కి దిగింది, ఎంవీపీ కాలనీలో మా ఇంటికొచ్చేసరికి పన్నెండు దాటేసింది, మామ్మ మాత్రం పడుకోకుండా హాల్లోనే కూర్చుంది. ఆ పిల్ల గుమ్మం దగ్గర బూట్లు విప్పి, వంగి, వాటి ముక్కులు బయటికి ఉండేలా తిప్పి పక్కపక్కనే పెట్టి అప్పుడు లోపలికొచ్చింది. మామ్మ వెంటనే "ఈ పిల్ల మన పిల్లేనే" అనేసింది.

ఎవరైనా ఇలా ఇంట్లో పెట్టుకుందాం అనుకుంటే ముందు కాగితాల సంగతి చూసుకోండి. విదేశీయులు మన ఇంట్లో దిగిన 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, స్టూడెంట్ వీసా 180 రోజులకి మించి ఉంటే 14 రోజుల్లోపు రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాలి. నాన్న మర్నాడు పొద్దున్నే కూర్చుని మొదటిది పూర్తి చేసేశారు. ఇంకోటి, మనకి కొబ్బరిబోండాం దగ్గర కూడా ఫోన్‌పేనే, తనకి అది లేదు, అందుకే పదులు ఇరవైలు ఒక చిన్న పర్సులో వేసి ఇచ్చాం, ఈ పని మాత్రం మొదటి రోజే చెయ్యండి.

మేం చేసిన తప్పు నాలుగో రోజే అరకు బయల్దేరడం. ట్రైన్ బాగుంది, పొద్దున్నే బయల్దేరే కిరండూల్ ట్రైన్, టన్నెల్ వచ్చినప్పుడల్లా తను వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది. బొర్రా గుహలు కూడా బాగున్నాయి, కాకపోతే మెట్లు చాలా ఉన్నాయి, లోపల ఉక్క, జెట్‌లాగ్ తీరని మనిషికి అది ఎక్కువే. అసలు గొడవ అరకులో. ఆన్‌లైన్‌లో డబ్బులు కట్టి బుక్ చేసుకున్న రూమ్, తీరా వెళ్ళాక రిసెప్షన్‌లో పాస్‌పోర్ట్ చూసి ఫారినర్స్‌కి ఇవ్వం అన్నారు, నాన్న ఎంత బతిమాలినా వినలేదు, డబ్బులు కూడా వారం తర్వాత గానీ వెనక్కి రాలేదు. ఆ పిల్ల తనదే తప్పన్నట్టు మా అందరికీ విడివిడిగా తల వంచి సారీ చెప్పింది, నాకైతే కళ్ళల్లో నీళ్ళొచ్చేశాయి. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని ఘాట్ రోడ్డు మీద చీకట్లో వెనక్కి వచ్చాం.

ఇంటికొచ్చాక మెల్లగా నా దగ్గరికొచ్చి "అక్కా, ఇవాళ రాత్రి స్నానం చెయ్యొచ్చా" అని ఇంగ్లీషులో అడిగింది. అప్పుడు తెలిసింది మాకు. మొదటి రాత్రి అమ్మ "ఈ టైములో తలమీద నీళ్ళు పోసుకోకమ్మా, జలుబు చేస్తుంది" అంది కదా, వాళ్ళకేమో రాత్రి వేడినీళ్ళ స్నానం చేస్తేనే నిద్ర, అయినా ఒక్క మాట అనకుండా మూడు రాత్రులు అలాగే పడుకుంది. అమ్మ పాపం చాలా బాధపడింది. మేం చూస్తే గుహలనీ లోయలనీ తిప్పుతున్నాం, తనకి కావాల్సింది ఒక బకెట్ వేడినీళ్ళు.

ఆ తర్వాత అన్నీ దగ్గర్లోనే పెట్టుకున్నాం, అవే బాగా కుదిరాయి. పొద్దున్నే ఆర్కే బీచ్ నడక, అలలు లోపలికి లాగేస్తాయి కాబట్టి నీళ్ళల్లోకి దిగనివ్వలేదు. బీచ్ దగ్గరే మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్‌కి సోమవారం వెళ్ళి మూసేసి ఉంటే తిరిగొచ్చి, మర్నాడు మళ్ళీ వెళ్ళాం. 1969లో నేవీలో చేరి 2001 దాకా పనిచేసిన సబ్‌మెరైన్, లోపల ఆ ఇరుకు బెర్తులు చూసి ఇంత చోట్లో మనుషులు నెలల తరబడి ఎలా ఉన్నారని అడుగుతూనే ఉంది. రుషికొండ శుభ్రంగానే ఉంది గానీ ఆదివారం జనం, ఇంకోసారి మామూలు రోజు వెళ్ళాలి. అన్నిటికన్నా తనకి నచ్చింది తొట్లకొండ, పాత బౌద్ధ ఆరామం ఉన్న కొండ. రాతిలో తొలిచిన నీళ్ళ తొట్లు, కింద సముద్రం, నీడ తక్కువ కాబట్టి సాయంత్రం వెళ్ళండి. అక్కడ స్తూపం దగ్గర కూర్చుని, వాళ్ళింట్లో చనిపోయిన తాతయ్య ఫోటో ముందు రోజూ అన్నం పెడతామని చెప్పింది. ఇంటికొచ్చి మామ్మకి చెప్తే, ఆవిడ తన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తిండి విషయంలో భయపడ్డాం గానీ వంజరం వేపుడు కారం తగ్గించి పెడితే ముళ్ళు కూడా నీట్‌గా తీసి తినేసింది. పెరుగన్నం మాత్రం ఇంకా అలవాటు కాలేదు, బలవంతం చెయ్యట్లేదు. బస్సులో మాకు ఆధార్ చూసి జీరో టికెట్, తనకేమో డబ్బులు పెట్టి టికెట్, ఆ రెండు టికెట్లూ దాచుకుని డైరీలో అంటించుకుంది.

ఇప్పుడు రోజూ తొమ్మిదవ్వగానే మామ్మే లేచెళ్ళి గీజర్ స్విచ్ వేస్తోంది. అరకు చలికాలంలో మళ్ళీ వెళ్తాం, ఈసారి ఫారిన్ పాస్‌పోర్ట్ ఉందని ముందే ఫోన్ చేసి అడిగి, వాళ్ళు సరేనన్నాకే రూమ్‌కి డబ్బులు కడతాం.