గుంటుపల్లి గుహలు: పైకప్పు చూడటానికైనా వెళ్లండి

ఐదుకి నాలుగు స్టార్లు.

ఏలూరు నుంచి కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెం వెళ్తే ఊరి పక్కనే కొండ. మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కూడా ఆగి ఆగి ఎక్కేసింది.

మాది వడ్రంగం ఇల్లు. అందుకే గుండ్రటి చైత్యగృహంలో (బౌద్ధుల పూజా మందిరంలో) అడుగుపెట్టగానే నా చూపు కప్పు మీదకి పోయింది. కొండను తొలిచి, లోపల అచ్చం మన చుట్టింటి కప్పులాగా వాసాలు చెక్కారు. అన్నీ నడినెత్తికి చేరతాయి, వాటికి అడ్డంగా పట్టెలు. తొలిచిన కొండకి వాసం ఎందుకు? ఏ బరువూ మొయ్యదు. అయినా ఒక్కటీ వదలకుండా చెక్కారంటే, కర్రతో కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో ఆ పనివాళ్లకి బాగా తెలుసు. ఆ కాలపు కర్ర ఇళ్లు ఎప్పుడో పుచ్చిపోయాయి, వాటి పనితనం మాత్రం ఈ రాతిలో నిలిచింది. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదంటారు. బీహార్‌లో బరాబర్ కొండల్లో అశోకుడి కాలపు గుహల్లోనూ ఇలా కర్ర ఇంటి రూపాన్ని రాతిలో చెక్కిన తీరు కనిపిస్తుంది. టార్చి వేసుకుని తీరిగ్గా చూడండి.

మధ్యలో ఉన్న స్తూపాన్ని ఊరివాళ్లు ధర్మలింగేశ్వరస్వామిగా కొలుస్తారు. మా వెనకాల ఒకాయన "వీళ్లకి తెలియదు, ఇది బుద్ధుడిది" అని పిల్లలకి చెబుతుంటే నాకు మనసొప్పలేదు. భిక్షువులు పోయాక ఇక్కడ దీపం పెట్టింది ఈ చుట్టుపక్కల జనమే కదా. వాళ్ల పూజ కూడా ఈ కొండ చరిత్రలో భాగమే.

ఇంకా ఇటుక చైత్యం, భిక్షువుల గదులు, వరసగా చిన్నాపెద్దా స్తూపాలు ఉన్నాయి. ఇక్కడి మండపం స్తంభాల మీద బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం ఉంది: కళింగ, మహిషక దేశాలను ఏలిన సిరిసద మహారాజు లేఖకుడు చుళగోమ ఆ మండపాన్ని దానం చేశాడట. సిరిసదది కళింగ రాజు ఖారవేలుడి వంశమే, మహామేఘవాహనులు. రాజుగారి దగ్గర రాతపని చేసే మనిషి పేరు ఇన్నాళ్లు నిలవడం నాకెంతో నచ్చింది.

ఒక స్టారు తగ్గించింది బోర్డుల వల్ల. ఏ కట్టడం ఏ కాలానిదో, ఏది ముందో ఏది తర్వాతో తెలుగులో వివరంగా రాసిపెట్టాలి. ఇటుకల మీద పేర్లు గీకేవాళ్లని కూడా ఎవరైనా ఆపాలి.

పొద్దున్నే వెళ్లండి, పదకొండు దాటితే రాయి కాలిపోతుంది. మంచినీళ్లు, తినడానికేమైనా కామవరపుకోటలోనే కొనుక్కోండి.