పాత బొలెరో పికప్‌కి ముందు కాలిపర్ కిట్: ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు దండగ

పదేళ్లు దాటిన పికప్‌లో ముందు చక్రం ఒకటి పట్టేస్తోందని స్పేర్ల షాపుకి వెళ్తే ముందుగా చేతిలో పెట్టేది కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) కిట్టే, అంటే దానికి వేసే రబ్బరు భాగాల పొట్లం. కొత్త కాలిపర్ ధరలో చిన్న వంతుకే దొరుకుతుంది. లోపం కాలిపర్‌లోనే ఉంటే ఇంతకంటే మంచి బేరం లేదు. లోపం ఇంకెక్కడో ఉంటే మాత్రం కిట్టూ పోతుంది, మజూరీ కూడా పోతుంది, చక్రం మళ్లీ పట్టేస్తుంది. అందుకే కొనే ముందు ఒక్క పరీక్ష చేయించండి.

బండిని కాసేపు నడిపి, బ్రేకు పట్టేసి ఉన్నప్పుడే చదునైన చోట ఆపండి. వెనక చక్రాలకు చెక్కలు పెట్టి, ముందు భాగం జాకీతో లేపి స్టాండు మీద నిలపండి. చక్రం చేత్తో తిరగకపోతే ఆ కాలిపర్ బ్లీడర్ నిపుల్ (ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) కొద్దిగా వదులు చేయండి. ఆయిల్ చిమ్మి చక్రం వదిలేసిందా, ఒత్తిడి లోపలే చిక్కుకుపోయిందని అర్థం. అప్పుడు కాలిపర్‌ని అనుమానించే ముందు హోస్ పైపు (కాలిపర్‌కి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టం), మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే భాగం) చూడాలి. నిపుల్ విప్పినా చక్రం కదలకపోతే పిస్టన్ (ప్యాడ్‌ని నెట్టేది) గానీ గైడ్ పిన్నులు (కాలిపర్ అటూ ఇటూ జరిగే పిన్నులు) గానీ పట్టేశాయి. కిట్ పనికొచ్చేది ఇక్కడే. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి బేరింగ్ కూడా చూడండి, దాని బిగుతును బ్రేకు లోపం అనుకునే ప్రమాదం ఉంది.

నిపుల్ విప్పగానే వదిలిన చక్రమైతే, మళ్లీ బ్రేకు తొక్కి, పట్టేశాక ఈసారి హోస్ పైభాగంలో ఇనుప పైపు కలిసే నట్టు వదులు చేయండి. అక్కడ విప్పినా చక్రం వదలకపోతే తప్పు హోసుదే. పైకి బాగానే కనిపిస్తుంది, కానీ లోపలి పొర ఊడి ఒకవైపే తెరుచుకునే తలుపులా మారుతుంది: కాలి బలానికి ఆయిల్ కిందికి వెళ్తుంది, తిరిగి రాదు. అక్కడ విప్పగానే వదిలితే తప్పు పైన ఉంది. ముందు చక్రాలు రెండూ ఒకేసారి పడుతున్నా అంతే: పెడల్‌కి ఫ్రీ ప్లే (తొక్కడం మొదట్లో ఉండే కొద్దిపాటి వదులు) లేకపోవడం, బ్రేక్ లైట్ స్విచ్ పెడల్‌ని పూర్తిగా వెనక్కి రానివ్వకపోవడం, మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగొచ్చే రంధ్రం మూసుకుపోవడం.

ఇక కిట్ సంగతి. ఇందులో అసలు సరుకు పిస్టన్ సీలు. దాని అంచులు చదరంగా ఉంటాయి. పెడల్ తొక్కితే పిస్టన్ ముందుకొస్తూ సీలుని కొద్దిగా వంచుతుంది, వదలగానే సీలు యథాస్థితికి వస్తూ పిస్టన్‌ని వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు మిల్లీమీటరులో చిన్న భాగమే. కాబట్టి సీలు అంచులు పదునుగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి. అంచు అరిగినట్టు గుండ్రంగా ఉన్నా, అచ్చు పిసరు మిగిలినా ఆ కిట్ వద్దు. చాలా చవక కిట్లలో గైడ్ పిన్ బూట్లు (పిన్నులకు తొడిగే రబ్బరు తొడుగులు) ఉండవు. అవి లేని కిట్ సగం కిట్టే. మీ కాలిపర్‌కి పిస్టన్ ఒకటో రెండో చూసి, వెర్నియర్‌తో వ్యాసం కొలిచి మరీ అడగండి.

సీలు మార్చినంత మాత్రాన పని అవదు. పిస్టన్ పట్టేసేది ఎక్కువగా సీలు కూర్చునే గాడిలో పేరుకున్న తుప్పు వల్ల. అది సీలుని వెనక నుంచి నెట్టి పిస్టన్ మీద బిగించేస్తుంది. భీమవరం వైపు రొయ్యల లోడు మోసే బండ్లకు ఉప్పునీరు కారి ఈ తుప్పు త్వరగా వస్తుంది. గాడిని ఇత్తడి బ్రష్షుతోనో చెక్క పుల్లతోనో గీకాలి. స్క్రూడ్రైవర్ పెడితే గీత పడి ఆయిల్ కారుతుంది. కడగడానికి కిరోసిన్, డీజిల్, పెట్రోల్ అస్సలు వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేక్ ఆయిల్‌తోనే కడిగి, సీలుకి కూడా అదే రాసి ఎక్కించండి. గైడ్ పిన్నులకు సిలికాన్ గ్రీజు వాడండి, చాసిస్ గ్రీజు పనికిరాదు. పిస్టన్ బొటనవేళ్లతో నొక్కితే నెమ్మదిగా లోపలికి వెళ్లాలి. దాని క్రోమ్ మీద గుంటలు పడి ఉంటే కిట్ వేయొద్దు, పిస్టన్ గానీ మొత్తం కాలిపర్ గానీ మార్చండి. ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ వేసే పని ఎక్కువ కాలం నిలవదు.

ప్యాడ్లు కూడా చూడండి. ఒకటి బాగా అరిగి ఇంకొకటి అలాగే ఉన్నా, ప్యాడ్ ఏటవాలుగా అరిగినా ముందు గైడ్ పిన్నులనే అనుమానించాలి. బిగించాక డాట్ 3 లేదా డాట్ 4 బ్రేక్ ఆయిల్, మాస్టర్ సిలిండర్ మీది ఆయిల్ డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అది పోసి బ్లీడింగ్ (పైపుల్లోని గాలి తీసేయడం) చేయించండి. ముందు చక్రాలు రెండిటికీ అర లీటరు చాలు. ఆ తర్వాత చక్రం తిప్పితే ప్యాడ్ సన్నగా రాసుకునే చప్పుడు వస్తుంది, అది మామూలే.

డబ్బా మూతలోని రబ్బరు ఉబ్బి ఉంటే మాత్రం ఎవరో ఇంజన్ ఆయిల్ లాంటిది పోశారు. అప్పుడు ముందు కాలిపర్ కిట్ ఒక్కటీ ఏమీ చేయలేదు. మాస్టర్ సిలిండర్ నుంచి వెనక వీల్ సిలిండర్ల దాకా ప్రతి రబ్బరూ మార్చి, ఇనుప పైపులు కడగాల్సిందే.

కాలిపర్ పట్టేసిందని తేలిన బండికి బూట్లతో సహా వచ్చే మంచి కిట్ తప్పక కొనదగ్గదే, రెండు వైపులా వేయించండి. హోసులు బండి కొన్నప్పటివే అయితే వాటినీ అదే పనిలో మార్చేయండి.