‘పెట్టె తెరవని పాత హెచ్‌ఎంటీ’ అంటే నమ్మి డబ్బు పంపకండి

పాత హెచ్‌ఎంటీ జనతా వాచీ కోసం వెతుకుతున్నవారు దయచేసి ఇది చదివాకే డబ్బు పంపండి. నాకు 4,200 రూపాయలు పోయాయి. అది మా నాన్నగారి కోసం కొన్న వాచీ కావడంతో, డబ్బు పోయినందుకన్నా ఆయన ముందు తల దించుకోవలసి వచ్చినందుకే ఎక్కువ బాధగా ఉంది.

నాన్నగారు కోనసీమలో కాలువల మీద లస్కరుగా పనిచేశారు. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్లు చాలని ఏళ్లలో వంతులు పెట్టేవారు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో ఆయన చేతి జనతాయే చెప్పేది. పది నిమిషాలు ముందు దించితే శివారు చేల రైతులు గట్టు మీదే నిలదీసేవారు. 1986 ఆగస్టు వరదలో ఇంట్లో సామానుతోపాటు ఆ వాచీ కూడా పోయింది. తర్వాత ఎన్ని వాచీలు కట్టుకున్నా ‘నా జనతా’ అనే మాట ఆయన నోట పోలేదు. డెబ్బై అయిదేళ్లు నిండిన రోజున అలాంటిదే చేతికి కట్టాలనుకున్నాను.

ఫోనులో ఒక అమ్మకందారు దొరికాడు. ‘పెట్టె తెరవని పాత స్టాకు, ఒక్కసారి కూడా ఎవరూ కట్టుకోలేదు’ అన్నాడు. ఫొటోల్లో వాచీ అద్దంలా మెరుస్తోంది. అతని దగ్గర తెలుపే కాదు, నారింజ, చిలకపచ్చ, ముదురు నీలం డయళ్లతో కూడా జనతాలు వరుసగా ఉన్నాయి. నేను ఆగవలసింది అక్కడే. హెచ్‌ఎంటీ 1961లో జపాన్ సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. ఆ వాచీల కంపెనీని మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. అలాంటప్పుడు ఎవరూ తాకని జనతాలు అన్ని రంగుల్లో ఒకే మనిషి దగ్గర ఎలా పోగయ్యాయని నేను అడగలేదు.

వాచీ వచ్చింది. నాన్నగారు మొదటిసారి కీ ఇస్తూనే చెయ్యి ఆపి, ‘ఇది గరగరమంటోందిరా, నా దానికి ఇలా ఉండేది కాదు’ అన్నారు. కొత్తది కదా, సర్దుకుంటుందని నేనే నచ్చజెప్పాను. రోజుకు ఇరవై నిమిషాలు వెనకబడుతూ వచ్చి పదకొండో రోజున పూర్తిగా ఆగిపోయింది.

అమలాపురంలో ఎన్నో ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వెనక మూత తీయకముందే, కంటికి భూతద్దం పెట్టుకుని డయలు చూసి ‘రంగు వేశారు’ అన్నారు. నన్నూ చూడమన్నారు. అసలు డయలు మీద అక్షరాలు సన్నగా, అంచులు తెగినట్టు స్పష్టంగా ఉంటాయట. నా దాంట్లో ‘17 జ్యువెల్స్’, ‘ప్యారాషాక్’ అన్న అక్షరాలు లావుగా, సిరా పాకినట్టున్నాయి. చుట్టూ ఉన్న నిమిషాల గీతలు అంకెలకు ఎదురుగా రాలేదు. నిమిషాల ముల్లు ఆ గీతల దాకా అందడం లేదు, అంటే వేరే మోడలు ముల్లు తెచ్చి పెట్టారు. కేసును ఎంత పాలిష్ పట్టారంటే, బెల్టు తగిలించే కొమ్ముల అంచులు అరిగిన సబ్బులా గుండ్రంగా అయ్యాయి. మూత తీశాక లోపల కీ కడ్డీకి తుప్పు పట్టి ఉంది. నాన్నగారి వేళ్లకు తెలిసిన గరగర అదే. నూనె ఎండి జిగురైపోయింది. నాలుగు పాడైన వాచీల భాగాలు ఏరి, పైన కొత్త రంగు పూసి ఒక వాచీ అనిపించారు.

పాత భాగాలతో బాగుచేసిన వాచీని అమ్మడం తప్పని నేను అనను. ఆ మాట చెప్పి, దానికి తగ్గ ధర తీసుకుంటే కొనేవాళ్లుంటారు. కొత్తదని చెప్పి అమ్మడం మోసం.

కాబట్టి కొనేముందు మూత తీసిన వాచీ వీడియో అడగండి. ఫొటో చాలదు, అది ఎవరి వాచీదైనా కావచ్చు. లోపలి మిషను, మూత లోపలి వైపు, కీ లాగి ముళ్లు తిప్పడం, అన్నీ ఒకే వీడియోలో కనబడాలి. ‘మూత తీస్తే వారంటీ పోతుంది’ అని అమ్మకందారు అంటే అక్కడే వదిలేయండి. డయలు దగ్గరి ఫొటో తెప్పించి, ఊళ్లో ఎవరింట్లోనైనా పెట్టెలో ఉన్న అసలు జనతాతో పోల్చి చూడండి. నచ్చకపోతే తిరిగి తీసుకుంటానని రాతపూర్వకంగా పంపమనండి. నేను నోటిమాట నమ్మాను.

మీ ఇంట్లోనే తాతగారి వాచీ ఉంటే ఇంకొక జాగ్రత్త. సర్వీసుకిచ్చినప్పుడు ‘డయలు కొత్తగా చేసిస్తాం’ అంటే ఒప్పుకోకండి. మరకలున్నా అది అసలుది, రంగు పడ్డాక తిరిగి రాదు. లోపల శుభ్రం చేసి నూనె వేస్తే చాలు. మన వైపు గాలిలో తేమ ఎక్కువ, చెమటా ఎక్కువ. జనతా నీళ్లకు తట్టుకునే వాచీ కాదు. స్నానానికి, చెరువు పనికి తీసి పెట్టాలి, తీశాక మెత్తని గుడ్డతో తుడవాలి. రోజూ ఒకే వేళకు కీ ఇవ్వాలి, వేలికి బిగువు తగలగానే ఆపాలి. అయస్కాంతం ఉన్న ఫోను కవరు పక్కన, స్పీకరు మీద పెట్టవద్దు.

అమ్మకందారుకు ఈ లోపాలన్నీ ఫొటోలు తీసి పంపాను. మొదట ‘పాతది కదండీ, అలాగే ఉంటుంది’ అన్నాడు, తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అతను పంపిన సందేశాలు, డబ్బు చెల్లించిన రసీదు దాచి ఉంచాను కాబట్టి అది కుదిరింది. మీరు కూడా బేరం ముగిసిందని వాటిని చెరిపేయకండి.

వాచీ ఇప్పుడు అమలాపురంలో ఆ పెద్దాయన బల్ల మీదే ఉంది. కీ కడ్డీ మార్చి లోపలిదైనా నడిచేలా చేస్తానన్నారు. అసలు డయలు ఎవరి దగ్గరైనా ఉంటే, ఎంత మరకపడినదైనా సరే, నాకు చెప్పండి.