ఆల్బర్టా దారా, సస్కాచెవాన్ దారా: ఏది మేలు?

"అన్నా, కాల్గరీకి వెళ్లమంటావా, సస్కటూన్‌కా?" కెనడా రావాలనుకునే మనవాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్న ప్రశ్న ఇది. కాల్గరీ ఉన్నది ఆల్బర్టా ప్రావిన్స్‌లో, సస్కటూన్ ఉన్నది దాని పక్కనున్న సస్కాచెవాన్‌లో. ఆల్బర్టాలో ప్రావిన్స్ అమ్మకం పన్ను లేదు, సస్కాచెవాన్‌లో 6 శాతం ఉంది. ఉద్యోగాలు కాల్గరీ, ఎడ్మంటన్‌లలోనే ఎక్కువ. చలి విషయానికొస్తే, కాల్గరీ వాళ్లకు మధ్యమధ్యలో చినూక్ అనే వెచ్చని గాలి వచ్చి కాస్త ఊరటనిస్తుంది. ఇవన్నీ ఎవరైనా చెప్తారు. నాకు మాత్రం ఈ ప్రశ్న విన్నప్పుడల్లా మనసు వేరే చోటికి పోతుంది. ఒకే రోజున పుట్టిన ఈ రెండు ప్రావిన్సులూ ఇంత వేరువేరుగా ఎందుకు పెరిగాయి? వాటిలో ఎవరి దారి మేలు?

1905 సెప్టెంబర్ 1న రెండూ పుట్టాయి. నిజానికి అప్పటి నార్త్‌వెస్ట్ టెరిటరీస్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) ఫ్రెడరిక్ హాల్టెయిన్ అడిగింది ఒకే పెద్ద ప్రావిన్స్, దానికి 'బఫెలో' అని పేరు. పడమట అంత పెద్ద ప్రావిన్స్ ఏర్పడటం ప్రధాని లారియర్‌కు ఇష్టం లేకపోయింది. మ్యాప్ మీద నిట్టనిలువుగా గీత గీసి రెండు చేశాడు. గీతకు అటూ ఇటూ ఒకే నేల, ఒకే గోధుమ. పది డాలర్ల రుసుము కట్టి 160 ఎకరాలు తీసుకున్న యుక్రెయిన్, స్కాట్లాండ్, జర్మనీ, అమెరికా రైతులు రెండువైపులా ఉన్నారు. నేల కింది ఖనిజాల మీద హక్కు 1930 దాకా ఒట్టావా, అంటే కేంద్ర ప్రభుత్వం, తన దగ్గరే అట్టిపెట్టుకుందన్న కడుపుమంట కూడా ఇద్దరిదీ. (ఆ నేల అంతకుముందు అక్కడి మూలవాసులైన క్రీ, బ్లాక్‌ఫుట్, మెటీ జనాలది. తిరగబడ్డ మెటీ నాయకుడు లూయీ రియెల్‌ను 1885లో ఉరితీసింది సస్కాచెవాన్ రాజధాని రెజైనాలోనే. రైతుల మంచిచెడ్డలు తూచేటప్పుడు ఈ మాట పక్కనే ఉంచుకోవాలి.)

ఆల్బర్టా మొదటినుంచీ కుడివైపు, సస్కాచెవాన్ ఎడమవైపు అని చాలామంది తేల్చేస్తారు. అమెరికా నుంచి వచ్చినవాళ్లూ పశువుల రాంచులూ ఆల్బర్టాలో ఎక్కువ కాబట్టి అలా అయిందంటారు. కొంత నిజమే కావచ్చు గానీ తేదీలు చూస్తే కథ తిరగబడుతుంది. రైతు సంఘం గద్దెనెక్కింది ముందు ఆల్బర్టాలోనే. యునైటెడ్ ఫార్మర్స్ ఆఫ్ ఆల్బర్టా 1921లో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. గోధుమ అమ్ముకునే సహకార సంఘం, అంటే వీట్ పూల్, అక్కడ 1923లో వస్తే సస్కాచెవాన్‌లో మరుసటి ఏడాది వచ్చింది. తర్వాత దేశమంతటికీ ఎడమపక్షంగా నిలిచిన సీసీఎఫ్ పార్టీ 1932లో పుట్టింది కూడా కాల్గరీలోనే!

నా దృష్టిలో అసలు సంగతి సిద్ధాంతం కాదు, కరువొచ్చిన నాటికి కుర్చీలో ఎవరున్నారన్నది. 1932 నాటికి గోధుమ ధర బుషెల్‌కు (సుమారు 27 కిలోలు) 35 సెంట్ల దరిదాపుల్లోకి పడిపోయింది. వాన లేదు, దుమ్ము తుపానులు. పెట్రోలు కొనలేక రైతులు కార్లలోంచి ఇంజన్లు పీకేసి, ముందు గుర్రాలు కట్టి తోలుకున్నారు. ఆ బండికి అప్పటి ప్రధాని పేరు తగిలించి 'బెనెట్ బగ్గీ' అన్నారు. అలాంటి రోజుల్లో ఆల్బర్టాలో పాలిస్తున్నది రైతుల పార్టీయే. ఆకలికీ అప్పుకీ జవాబు చెప్పాల్సింది వాళ్లే అయ్యారు. దానికి తోడు 1934లో ప్రీమియర్ బ్రౌన్లీ మీద ఒక వ్యక్తిగత వ్యవహారంలో కోర్టు కేసు నడిచి, ఆయన దిగిపోయాడు. 1935 ఎన్నికల్లో ఆ పార్టీకి 63 సీట్లలో ఒక్కటీ రాలేదు. సస్కాచెవాన్‌లోనేమో ఆ దెబ్బ తిన్నది పాత పార్టీలు. కరువు మొదట్లో పాలించిన కన్జర్వేటివ్‌లు 1934లో తుడిచిపెట్టుకుపోయారు, తర్వాత లిబరల్స్ వంతు. రైతు ఉద్యమం మాత్రం ప్రతిపక్షంలోనే ఉండి, పరువు పోకుండా 1944 దాకా బతికింది. ఆ పదేళ్ల తేడాయే ఇద్దరినీ రెండు దారులు పట్టించింది.

ఆల్బర్టాలో ఖాళీ అయిన చోటుకి విలియం అబెర్‌హార్ట్ వచ్చాడు. కాల్గరీలో హైస్కూలు ప్రిన్సిపాల్, ఆదివారాలు రేడియోలో బైబిలు బోధకుడు. నెలకు 25 డాలర్ల డివిడెండ్ ఇస్తామన్నాడు. అతని సోషల్ క్రెడిట్ పార్టీ 56 సీట్లు గెలిచింది. ఆ పాతిక డాలర్లు మాత్రం ఎవరికీ రాలేదు. 1936లో 'ప్రాస్పెరిటీ సర్టిఫికెట్' అని ఒక డాలరు కాగితం అచ్చేశారు. అది చెల్లాలంటే వెనక వారం వారం ఒక సెంటు స్టాంపు అంటించాలి. స్టాంపు ఖర్చు తన నెత్తిన పడకముందే దాన్ని వదిలించుకోవాలని ప్రతివాడూ చూశాడు, దుకాణదారులు తీసుకోబోమన్నారు, పథకం ఏడాది తిరక్కుండానే మూతపడింది.

అయినా ఆల్బర్టాను అంత తేలిగ్గా తీసిపారేయకూడదు. అబెర్‌హార్ట్ ప్రభుత్వం 1938లో మొదలుపెట్టిన ప్రభుత్వ బ్యాంకు ఏటీబీ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. పక్కా ప్రైవేటువాదులమని చెప్పుకునే ప్రావిన్స్‌లో ప్రభుత్వ బ్యాంకు! 1947 ఫిబ్రవరి 13న లెడ్యూక్ దగ్గర చమురు పడింది. 1943 నుంచి 1968 దాకా ప్రీమియర్‌గా ఉన్న ఎర్నెస్ట్ మానింగ్ ఆ డబ్బుతో బడులు, రోడ్లు, ఆసుపత్రులు కట్టాడు. 1976లో ప్రీమియర్ లౌహీద్ ప్రభుత్వం చమురు ఆదాయంలో కొంత దాచడానికి హెరిటేజ్ ఫండ్ పెట్టింది. 1935 నుంచి 2015 దాకా, అంటే 80 ఏళ్లు, రెండే పార్టీలు పాలించాయి. ఒక మనిషిని నమ్మడం, పదవిలో ఉంచడం, ఒకేసారి గంపగుత్తగా కూలదోయడం ఆ ఊరి అలవాటు. మచ్చ కూడా పెద్దదే. 1928లో చేసిన బలవంతపు కుటుంబ నియంత్రణ చట్టం మానసిక వైకల్యం ఉందని ముద్రపడినవాళ్ల మీద 1972 దాకా అమలైంది. (సస్కాచెవాన్ మాత్రం కడిగిన ముత్యమా? 1920ల చివర్లో కు క్లక్స్ క్లాన్ అక్కడ సభలు పెట్టి వేలమందిని చేర్చుకుంది.)

ఇక సస్కాచెవాన్. అక్కడ జనానికి ప్రభుత్వం కంటే ముందు సంఘాలు అలవాటయ్యాయి. సింటలూటా అనే చిన్న ఊళ్లో రైతులు 1902లో ధాన్యం ఎక్కించే రైలు పెట్టెల పంపకం మీద కెనడియన్ పసిఫిక్ రైల్వే ఏజెంటును కోర్టుకీడ్చి గెలిచారు. ఊరికి డాక్టరు దొరక్కపోతే పంచాయతీ లాంటి గ్రామీణ మునిసిపాలిటీలే పన్ను డబ్బులోంచి జీతమిచ్చి పెట్టుకున్నాయి. 1910ల్లోనే మొదలైన పద్ధతి ఇది. సీసీఎఫ్ నాయకుడు టామీ డగ్లస్ 1944లో 52కి 47 సీట్లతో గెలిచి ప్రభుత్వ ఖర్చుతో వైద్యం మొదలుపెట్టేనాటికి, పక్కింటివాడి జబ్బు ఖర్చు అందరూ పంచుకోవడం ఆ జనానికి కొత్త కాదు. డగ్లస్‌కు చిన్నప్పుడు మోకాలి ఎముకకు జబ్బు చేస్తే విన్నిపెగ్‌లో కాలు తీసేయాలన్నారు. తన విద్యార్థులు చూసి నేర్చుకోనిస్తే ఉచితంగా చేస్తానని ఒక సర్జన్ ముందుకొచ్చి కాలు నిలబెట్టాడు. అందరికీ అలాంటి అదృష్టం ఉండదుగా అనేది డగ్లస్ వాదన.

1947 జనవరి 1 నుంచి మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబానికి ఎంతైనా 30 డాలర్లకు మించకుండా ఆసుపత్రి ఖర్చు ప్రభుత్వం చూసుకుంది. అప్పులో ఉన్న ప్రావిన్స్ చేసిన పని ఇది, చమురు డబ్బుతో చేసింది కాదు. డాక్టరు ఫీజులను కూడా అందులోకి తెచ్చిన మెడికేర్ 1962 జూలై 1న మొదలైతే, అదే రోజు డాక్టర్లు సమ్మెకు దిగారు. అప్పటికి డగ్లస్ కేంద్ర రాజకీయాలకు వెళ్లిపోయాడు, ముళ్లకంచె మీద నిలబడింది ఆయన తర్వాత ప్రీమియరైన వుడ్రో లాయిడ్. బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించారు, జనం తామే చందాలేసుకుని కమ్యూనిటీ క్లినిక్‌లు తెరిచారు. రెజైనాలో చట్టసభ ముందు మెడికేర్ వ్యతిరేకులు భారీ సభ పెడతామంటే వచ్చింది నాలుగు వేలమంది. 23 రోజులకు సస్కటూన్‌లో రాజీ కుదిరింది. 1964లో లాయిడ్ ఓడిపోయాడు, పథకం మిగిలింది. 1966లో కేంద్రం చట్టం చేసింది. నిర్బంధ బీమా వద్దని మొండికేసిన ఆల్బర్టా కూడా 1969లో చేరక తప్పలేదు.

మెడికేర్ అంటే డగ్లస్ పేరొక్కటే చెప్పుకోవడం నాకు నచ్చదు. 1876లో బ్రిటిష్ రాణి ప్రభుత్వంతో మూలవాసులు చేసుకున్న ఆరో ఒప్పందం సమయంలో క్రీ నాయకులు పట్టుబట్టి రాయించుకున్న షరతుల్లో మందుల పెట్టె ఒకటి. ప్రభుత్వ ఏజెంటు ఇంట్లో తమ కోసం మందులు ఉంచాలన్నారు. వైద్యం ప్రభుత్వ బాధ్యత అని ఆ నేల మీద కాగితం మీద పెట్టించింది ముందు వాళ్లే.

సస్కాచెవాన్‌కు తూర్పున ఉన్న మానిటోబా ప్రావిన్స్ మాటేమిటని అడుగుతారు. 1919 విన్నిపెగ్ సమ్మె, 1916లో కెనడా ప్రావిన్సులన్నిటికంటే ముందు ఆడవాళ్లకు ఓటు, ఈ రెండూ దాని ఖాతాలో పెద్ద పద్దులు. మిగతాదంతా రెండింటికీ మధ్యస్తం.

కాబట్టి ఉద్యోగం కోసమైతే కాల్గరీకే వెళ్లండి, అందులో మొహమాటం లేదు. 1931లో ఆల్బర్టా కంటే సస్కాచెవాన్ జనాభాయే ఎక్కువ. 2021 నాటికి ఆల్బర్టాలో 42 లక్షల పైచిలుకు, సస్కాచెవాన్‌లో 11 లక్షలు దాటింది అంతే. జనం కాళ్లతో వేసిన ఓటు ఆల్బర్టాకే పడింది. నా ఓటు మాత్రం సస్కాచెవాన్ దారికి. ఆల్బర్టా సంపద నేలలోంచి వచ్చింది, సస్కాచెవాన్ పద్ధతిని మాత్రం చేతిలో డబ్బు లేకపోయినా ఎవరైనా తీసుకుపోవచ్చు, దేశమంతా తీసుకుపోయింది కూడా.

ఇప్పటి సస్కాచెవాన్ 1944 నాటిది కాదనీ ఒప్పుకోవాలి. 2007 నుంచి కుడివైపు మొగ్గే సస్కాచెవాన్ పార్టీయే పాలిస్తోంది. రైతులు కట్టుకున్న వీట్ పూల్ షేర్ మార్కెట్‌కెక్కి పేరే మారిపోయింది. ప్రభుత్వ బస్సు సంస్థను 2017లో మూసేశారు. ప్రభుత్వ సంస్థల్లో 49 శాతం దాకా వాటా అమ్ముకునే వీలు కల్పించే చట్టం చేసి, జనం గోల పెడితే వెనక్కి తగ్గారు. సాస్క్‌టెల్ ఫోన్ కంపెనీ ఇంకా ప్రభుత్వానిదే.