చెస్ ఇంజిన్ల పోటీ: ఎవరి మెషిన్ వాళ్లదా, అందరికీ ఒకటేనా?

2017 డిసెంబర్‌లో గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల చెస్ ప్రోగ్రామ్ ఆల్ఫాజీరో, అప్పటి మేటి చెస్ ఇంజిన్ (అంటే చెస్ ఆడే ప్రోగ్రామ్) స్టాక్‌ఫిష్ 8తో 100 గేములాడి 28 గెలిచింది, 72 డ్రా, ఒక్కటీ ఓడలేదు అని బయటికి రాగానే సగం మంది నోరెళ్లబెట్టారు, మిగతా సగం మంది కండిషన్లు చదవడం మొదలెట్టారు. ఎత్తుకి కచ్చితంగా ఒక నిమిషం. స్టాక్‌ఫిష్‌కి 64 థ్రెడ్లు (ఒకేసారి పక్కపక్కనే సాగే లెక్కలు) ఇచ్చి హాష్ మెమరీ మాత్రం 1 జీబీ, ఓపెనింగ్ బుక్ (మొదటి ఎత్తులు ముందే రాసిపెట్టిన జాబితా) లేదు. అరవై నాలుగు మంది వంటవాళ్లని పెట్టి చిన్న అరుగు ఇచ్చినట్టన్నమాట, ఇంజిన్ చూసేసిన పొజిషన్లు దాచుకునే చోటే ఈ హాష్, నిండిపోతే పాతవి పోతాయి, మళ్లీ మొదటి నుంచి లెక్కేసుకోవాలి. పైగా ఎత్తుకో నిమిషం అంటే ఎక్కడ ఎక్కువ ఆలోచించాలి ఎక్కడ టకటకా ఆడేయాలి అనే తెలివి మొత్తం వేస్టే. స్టాక్‌ఫిష్ మొదలుపెట్టిన వాళ్లలో ఒకరైన టోర్డ్ రోమ్‌స్టాడ్ కూడా ఇవే పాయింట్లు లేపాడు.

ఏడాది తర్వాత వచ్చిన పూర్తి పరిశోధన పేపర్‌లో స్టాక్‌ఫిష్‌కి 44 కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్కలు చేసే భాగాలు), 32 జీబీ హాష్, 3 గంటల టైము, ఎత్తుకి 15 సెకన్లు కలుపుతూ 1000 గేములు ఆడించారు. 155 గెలుపు, 6 ఓటమి, 839 డ్రా. గెలిచింది మాత్రం ఆల్ఫాజీరోనే, కాబట్టి ఊరికే గోల చేశారు అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను, ఆ గోల లేకపోతే ఈ రెండో లెక్క మీద ఇంత నమ్మకం ఉండేది కాదు.

సరే, అసలు ఏ పద్ధతి మేలు?

పాత పద్ధతి ప్రపంచ కంప్యూటర్ చెస్ ఛాంపియన్‌షిప్‌ది, ఎవరి మెషిన్ వాళ్లు తెచ్చుకునేవాళ్లు. దీన్లో ఉండే మజానే వేరు. 1995లో హాంకాంగ్‌లో ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్ మామూలు 90 మెగాహెర్ట్జ్ పెంటియం మీద ఆడి ఐబీఎం వాళ్ల డీప్ బ్లూ ప్రోటోటైప్‌ని ఓడించి టైటిల్ పట్టుకుపోయింది, అది చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ 2008 బీజింగ్‌కొచ్చేసరికి రిబ్కా అనే ఇంజిన్ 40 కోర్ల క్లస్టర్‌తో (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపుతో) దిగింది. మరి గెలిచింది ప్రోగ్రామా, క్లస్టరా? తర్వాతేడు పాంప్లోనాలో 8 కోర్లే అని లిమిట్ పెడితే దాని మీద ఇంకో గొడవ, వేగంగా పని చేయించడం కూడా ప్రోగ్రామర్ పనితనమే కదా అని. ఆ మాటలోనూ న్యాయం ఉంది. కానీ నాలాంటోడికి ఇంట్లో ల్యాప్‌టాప్‌లో ఏ ఇంజిన్ పెట్టుకోవాలో ఆ పోటీ చెప్పేది కాదు. (2011లో రిబ్కా టైటిళ్లన్నీ వెనక్కి తీసుకున్నారు, అది కోడ్ కాపీ ఆరోపణ మీద, ఆ కథ వేరే.)

రెండోది టీసెక్ (ఇంటర్నెట్‌లో జరిగే ఇంజిన్ల పోటీ) తరహా. నిర్వాహకుల మెషిన్ మీదే అందరూ ఆడాలి, సూపర్‌ఫైనల్‌లో 100 గేములు. బండలాగుడు పందేల్లో ఎడ్ల పళ్లు చూసి విభాగం కట్టి, ఆ విభాగంలో అందరికీ ఒకటే బండ పెడతారు చూడండి, అలా. లీలా అనే, ఆల్ఫాజీరో దారిలో న్యూరల్ నెట్‌వర్క్‌తో ఆడే ఇంజిన్ వచ్చేదాకా బానే నడిచింది. లీలాకి జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) కావాలి, స్టాక్‌ఫిష్‌కి సీపీయూ (మామూలు ప్రాసెసర్) కావాలి, ఎన్ని కోర్లు ఎన్ని జీపీయూలకి సమానం? ధర చూడాలా, కరెంటు చూడాలా? ఏది పట్టుకున్నా ఒకరికి మేలు, ఒకరికి కీడు. దీనికి సరైన జవాబు ఉందని నేననుకోను, ముందే చెప్పేసి ఆడించడం తప్ప.

దాని కన్నా నన్ను ఇబ్బంది పెట్టేది గేముల సంఖ్య. టీసెక్ సీజన్ 14 సూపర్‌ఫైనల్‌లో స్టాక్‌ఫిష్ లీలా మీద 50.5–49.5తో గెలిచింది, సీజన్ 15లో లీలా 53.5–46.5తో, అందులో 79 డ్రాలే. అన్ని డ్రాలున్న 100 గేముల్లో కేవలం అదృష్టం మీదే సుమారు నాలుగు పాయింట్లు అటూ ఇటూ కావచ్చు. అంటే కప్పు ఇవ్వడానికి అది చాలు, "ఇదే బలమైనది" అని కొట్టుకోడానికి చాలదు.

మూడోది సీసీఆర్ఎల్ లాంటి రేటింగ్ లిస్టులు. వాలంటీర్లు తమ తమ పీసీల మీద ఆడిస్తారు, ఒక స్టాండర్డ్ ప్రాసెసర్‌కి సమానం అయ్యేలా టైము సర్దుతారు, ఓపెనింగ్ బుక్ అందరికీ కామన్, పాండరింగ్ ఆఫ్. లైవ్ థ్రిల్ సున్నా. కానీ గేములు కుప్పలు తెప్పలు, కాబట్టి నా ఓటు దీనికే.

పాండరింగ్ అంటే అవతలోడి టైములో కూడా మన ఇంజిన్ ఆలోచించడం. ఇది ఎంత కొంప ముంచుతుందో నాకు సొంత ల్యాప్‌టాప్‌లోనే తెలిసింది. నాలుగు కోర్ల మెషిన్‌లో రెండు ఇంజిన్లకీ తలా నాలుగు థ్రెడ్లిచ్చి, పాండరింగ్ ఆన్ చేసి రాత్రంతా వదిలేశా, పొద్దున ఒకటి చిత్తుగా ఓడిపోయి ఉంది, రెండ్రోజులు దాన్ని తిట్టుకున్నా. తీరా చూస్తే రెండూ ఒకేసారి కోర్ల కోసం కొట్టుకుంటున్నాయి, పైగా ఛార్జర్ ఊడిపోయి మెషిన్ స్లో మోడ్‌లో పడింది. పాండరింగ్ ఆఫ్ చేసి, తలా ఒక్క థ్రెడ్ ఇచ్చి మళ్లీ ఆడిస్తే దాదాపు సమానం.

ఓపెనింగుల దగ్గర కూడా రెండు పార్టీలున్నాయి. సమానమైన పొజిషన్లు ఇవ్వాలి, అదే న్యాయం అంటారు కొందరు. వినడానికి బావుంటుంది గానీ ఇప్పటి ఇంజిన్లకి అలాంటివిస్తే వరసగా డ్రాలే, ఎవరెంతో తేలదు. అందుకే కావాలనే ఒకవైపు మొగ్గిన పొజిషన్ ఇచ్చి, రంగులు మార్చి అదే మళ్లీ ఆడిస్తున్నారు. ఒక్క గేము చూస్తే అన్యాయంగానే ఉంటుంది, నల్ల పావులోడు మొదటి నుంచే మునిగి ఉంటాడు. కానీ జంటగా చూడండి, తెల్లతో నువ్వు గెలిచిన చోట నేను గెలవలేకపోయానంటే తేడా అక్కడే దొరికింది. నాకిదే నచ్చుతుంది. కాకపోతే మరీ మొగ్గిన పొజిషన్ ఇస్తే ఇద్దరూ తెల్లతోనే గెలిచి 1–1 అయి కూర్చుంటారు, అది డ్రా కన్నా గొప్పేం కాదు. నిన్న రాత్రి నా ల్యాప్‌టాప్‌లో వరసగా ఆరు జంటలు అలాగే పోయాయి, ఇవాళ ఆ ఓపెనింగులు తీసేసి మళ్లీ పెట్టా, ఈసారి ఛార్జర్ గట్టిగా నొక్కి మరీ.