నిల్వ నీళ్లు అక్వేరియంలోకి ఎక్కించే పంపు: చాలాకాలం వాడాక నా మాట

డ్రమ్ములో పట్టి ఉంచిన నీళ్లను ట్యాంకుల్లోకి ఎక్కించడానికి బకెట్లు మోసే ఓపిక లేక చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టుకున్నాను. నీళ్లలో ముంచి పెట్టే మాగ్నెట్ ఇంపెల్లర్ (నీళ్లను నెట్టే రెక్కల చక్రం) రకం. పంపు బాగుంది, మళ్లీ కొనాల్సొస్తే ఇదే రకం కొంటాను. కానీ ఎంచుకునేటప్పుడు చాలామంది చూసేది ఒకటి, చూడాల్సింది ఇంకొకటి.

పెట్టె మీద పెద్దక్షరాలతో గంటకు 2000 లీటర్లు అని ఉంటుందనుకోండి, అది నీళ్లు అసలు పైకి ఎక్కనక్కర్లేనప్పటి లెక్క. పక్కనే చిన్నగా ‘హెడ్ 2 మీటర్లు’ అని రాసుంటుంది, చూడాల్సింది దాన్ని. 2 మీటర్ల ఎత్తుకు వెళ్లేసరికి చుక్క కూడా రాదని దానర్థం. నాది 200 లీటర్ల డ్రమ్ము, పై వరస ట్యాంకు అంచు నేల నుంచి మీటరున్నర ఉంటుంది. డ్రమ్ము నిండుగా ఉన్నప్పుడు పంపు ఎత్తాల్సింది అందులోని నీటి మట్టం నుంచే కాబట్టి ముప్పావు మీటరు కూడా ఉండదు, ధార జోరుగా వస్తుంది. డ్రమ్ము ఖాళీ అవుతున్నకొద్దీ ఆ ఎత్తు పెరిగి చివరికి మీటరున్నరకు దగ్గరవుతుంది. 2 మీటర్ల పంపయితే అప్పటికి సన్నటి ధారే మిగులుతుంది. అందుకే నేను 3 మీటర్ల హెడ్ ఉన్నది తీసుకున్నాను, చివరిదాకా విసుగు లేకుండా లాగుతుంది.

పైపు సంగతి ఎవరూ పట్టించుకోరు. లోపలి వ్యాసం సగానికి తగ్గితే అంతే నీళ్లు పంపడానికి రాపిడి దాదాపు 30 రెట్లు పెరుగుతుంది, అంటే సన్న పైపు తగిలిస్తే ఎంత మంచి పంపైనా దండగే. నాది 20 మిల్లీమీటర్ల పైపు, చివర బాల్ వాల్వ్. ధార మరీ జోరైతే ఇసుక గుంతలు పడి మొక్కలు లేచొస్తాయి కాబట్టి వాల్వ్ సగం మూసి పడతాను, బయటికొచ్చే వైపు మూస్తే ఈ రకం పంపుకేమీ కాదు. లోపలికి పీల్చే వైపు మాత్రం ఎప్పుడూ మూయకండి.

ఇక అసలు టెన్షన్ పెట్టేది వెనక్కి లాగడం. పైపు కొస ట్యాంకు నీళ్లలో అడుగుదాకా మునిగుండగా స్విచ్ ఆపారో, నీళ్లు దాదాపు అన్నీ అదే దారిన తిరిగి డ్రమ్ములోకి దిగిపోతాయి, చేపలు అడుగున కొట్టుకుంటూ ఉంటాయి. నీళ్లను ఒకవైపుకే పోనిచ్చే నాన్-రిటర్న్ వాల్వ్ పెడితే సరిపోతుందంటారు గానీ అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, అది పూర్తిగా మూసుకోదు. కొసను కొక్కేనికి తగిలించి నీటి మట్టానికి నాలుగు వేళ్లు పైనే ఉంచుతాను, అంతకు మించిన ఉపాయం లేదు.

రొయ్యలు, నత్తలు పెంచేవాళ్లయితే రాగి, ఇత్తడి కప్లింగులు అస్సలు వద్దు, రాగి వాటికి విషం. మోటారులో నూనె నింపిన పంపులూ వద్దు, సీలు పోయిందంటే నూనె నీళ్లలోకే. ప్లాస్టిక్ బాడీ, సిరామిక్ షాఫ్ట్ ఉన్నది చాలు.

ఇంకో ఉపయోగం కూడా ఉంది. క్లోరిన్ పోగొట్టే మందు వేశాక పైపు కొసను డ్రమ్ములోకే వేసి కాసేపు తిప్పితే మందు బాగా కలుస్తుంది. క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసినది) ఉన్న నీళ్లయితే ఉత్తినే నిల్వ పెడితే సరిపోదు, మందు వేయాల్సిందే.

విసిగించే విషయాలూ లేకపోలేదు. అడుగున రెండంగుళాల నీళ్లు రావు, గాలి పీల్చి గరగరమంటుంది. అప్పుడు వెంటనే ఆపాలి, ఎందుకంటే దీనికి చల్లదనమూ కందెనా రెండూ నీళ్లే. ఆ మడ్డి నీళ్లు ట్యాంకులోకి రాకపోవడమే మేలు లెండి. ఇంపెల్లర్ చుట్టూ తెల్లగా సున్నం పేరుకుంటుంది, మామూలుకంటే ధార తగ్గిందంటే చాలావరకు అదే కారణం, వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పోతుంది. వైరు మాత్రం మరీ పొట్టి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నేల మీద పెట్టకుండా గోడకు ఎత్తున బిగించి, నీళ్లు వైరు వెంట ప్లగ్గులోకి జారకుండా వైరును ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగేలా వేలాడదీశాను. చెయ్యి డ్రమ్ములో పెట్టే ముందు ప్లగ్గు పీకేస్తాను.